సముద్రంలో పాచిపని

రెండేళ్ళ క్రితం వేసవిలో ఒక అనువాదం పని నా చేతికొచ్చింది. సముద్రపు నాచు సాగు ఎలా చేయాలో తీరప్రాంతపు మహిళా సంఘాలకు చెప్పే ఇంగ్లీషు కరదీపిక. సాహిత్యంలో డాక్టరేటు చేసి పర్మనెంటు ఉద్యోగం లేని నాలాంటి వాళ్ళకి ఇలాంటి అనువాదాలే ఇంటద్దె కడుతుంటాయి. నాకు సముద్రం గురించి తెలిసింది తక్కువ. పదకోశం ముందేసుకుని ఒక్కో పేజీ దాటుకుంటూ పోయాను. ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "తాళ్ళకు, మొక్కలకు పట్టిన అనవసరపు పాచిని ఎప్పటికప్పుడు చేతితో తొలగించవలెను." ఎవరు తొలగించాలి? వాక్యంలో కర్త లేదు. పుస్తకం చివర ఆదాయ వ్యయాల పట్టిక ఉంది. తాళ్ళకెంత, వెదుళ్ళకెంత, విత్తన మొక్కలకెంత, రవాణాకెంత అని వరసగా రాశారు. పాచి తీసే పనికి ఆ పట్టికలో గడి లేదు. "కుటుంబ శ్రమ" అన్న మాట ఎదురుగా ఒక చిన్న గీత గీసి ఉంది.

పాచి అన్న మాట మన ఇళ్ళల్లో మనకి బాగా తెలిసిందే. బావి గట్టు మీద పట్టేది పాచి. పొద్దున్నే కడుక్కోని నోరు పాచినోరు. నిన్నటి అంట్లు తోమి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లే పని పాచిపని. అది చేసే మనిషి పాచిపని మనిషి. ఆమెకు పేరుంటుందన్న సంగతి చాలామంది యజమానురాళ్ళకు ఆమె మానేసిన రోజునే గుర్తొస్తుంది. పాచిపని చేసినన్నాళ్ళూ ఎవరి కంటా పడదు. చేయకపోతేనే కనబడుతుంది. సముద్రంలో కూడా అలాంటి పనొకటి ఉందనీ, అది కూడా ఆడవాళ్ళ మీదే పడిందనీ ఆ కరదీపిక చేతిలోకి వచ్చేదాకా నాకు తెలియదు. ఆ ఒక్క వాక్యానికి కర్త ఎవరో వెతుక్కుంటూ పోతే దొరికిన చరిత్రనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ పంట సంగతి చెప్పాలి. ఐస్‌క్రీం గట్టిపడకుండా నున్నగా ఉండడానికీ, టూత్‌పేస్టు నీరుకారిపోకుండా ఉండడానికీ, చాక్లెట్ పాలలో పొడి అడుగుకి దిగకుండా ఉండడానికీ కలిపే పదార్థం ఒకటుంది. దాన్ని క్యారజీనన్ అంటారు. కొన్ని ఎర్రజాతి సముద్రపు నాచుల్లోంచి తీస్తారు. వేడి సముద్రాల్లో ప్రధానంగా రెండు రకాలు సాగుచేస్తారు. వ్యాపారుల భాషలో ఒకటి కాటనీ, రెండోది స్పైనోసం. కాటనీకి ధర ఎక్కువ. స్పైనోసం మొండిది, ధర తక్కువ.

ఈ నాచుకి విత్తనాలు చల్లడం ఉండదు. పెరిగిన మొక్కలోంచి ఒక రెమ్మ తుంచి తాడుకి కడతారు. నలభై అయిదు రోజులకి అది కోతకొస్తుంది. అందులోంచే మళ్ళీ రెమ్మలు తుంచుతారు. దశాబ్దాల తరబడి తుంచిన రెమ్మ నుంచే తుంచుతూ రావడంవల్ల ప్రపంచంలో ఎక్కడ చూసినా దాదాపు ఒకే తల్లి పిల్లలు. ఒకదానికి తట్టుకునే శక్తి లేకపోతే మిగతావాటికీ ఉండదు.

ఇక ఆ పంట మీదకొచ్చే పాచి. వీటిలో చాలా రకాలున్నాయి. ఆకుపచ్చ రంగులో జుట్టులా పెరిగేవి, గొట్టాల్లా ఉండేవి తాళ్ళను చుట్టుకుంటాయి. ఎండను అడ్డుకుంటాయి. నీటిలోని పోషకాలను పంచుకుంటాయి. బురదను పట్టి ఉంచుతాయి. తాడు బరువెక్కి కిందికి జారుతుంది. ఇవి పైపైన ఉండేవి కాబట్టి చేత్తో తీస్తే వస్తాయి. తీయగానే రానిది ఇంకొకటుంది. నియోసైఫోనియా అనే సన్నని పోగులాంటి ఎర్రనాచు. అది పంట మొక్క చర్మంలోకి వేరులాంటి కాలు దింపుతుంది. మొదట మొక్క మీద చిన్న నల్లచుక్కలు కనిపిస్తాయి. కొన్ని వారాలకు చుక్కల్లోంచి పోగులు లేస్తాయి. మొక్క ఒళ్ళంతా చలికి జలదరించినట్టు బొడిపెలు కడుతుంది. పోగు రాలిపోయాక అక్కడ గుంట మిగులుతుంది. ఆ గాయంలోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. అప్పుడు కొమ్మ తెల్లబడి, మెత్తబడి, తెగి కొట్టుకుపోతుంది. ఇలా తెల్లబడే జబ్బుని 1974లో ఫిలిప్పీన్స్‌లో గుర్తించారు. మంచుముక్కలా కనిపిస్తుంది కాబట్టి రైతులు దానికి ఐస్-ఐస్ అని పేరు పెట్టుకున్నారు. పాచి పట్టకపోయినా నీరు వేడెక్కినా, ఉప్పదనం మారినా, మొక్క ఇబ్బంది పడినప్పుడల్లా ఇది వస్తుంది. పాచి పడితే దానికి దారి ఇంకా సులువవుతుంది. కాలం మారేటప్పుడు, నీటి వేడిమీ ఉప్పదనమూ అటూ ఇటూ అయ్యేటప్పుడు ఈ పోగునాచు విజృంభిస్తుందని మలేషియాలోని సబా తీరంలో జరిగిన పరిశోధనలు చెప్పాయి.

పొలంలో కలుపుమందు కొట్టినట్టు సముద్రంలో కొట్టలేరు. అలలతో కొట్టుకుపోతుంది, చేపలకీ పగడాలకీ చేటు చేస్తుంది. కాబట్టి మిగిలింది చేతులే. తాడుని ఎత్తి దులపాలి. వేళ్ళతో గీకాలి. నల్లచుక్కలున్న రెమ్మని గుర్తుపట్టి తీసేయాలి. మన పొలాల్లో కలుపుమందు వచ్చి ఆడవాళ్ళ కూలిరోజుల్ని తగ్గించింది. అక్కడ మందుకి వీలులేక ఆడవాళ్ళ చేతులే ఉండిపోయాయి. అయితే కూలి లేకుండా ఉండిపోయాయి.

ఈ పంట పేర్ల చరిత్ర చూస్తే నాకు ఇంకో సంగతి తెలిసింది. కాటనీ అన్న పేరు పెట్టింది ఒక స్త్రీ. అన్నా వేబర్ వాన్ బోసె, 1852లో పుట్టిన డచ్ వృక్షశాస్త్రజ్ఞురాలు. 1899-1900లో సిబోగా అనే ఓడలో, ఇప్పటి ఇండోనేషియా సముద్రాల్లో సాగిన పరిశోధన యాత్రలో ఆమె పాల్గొన్నది. యాత్రకి నాయకుడు ఆమె భర్త మాక్స్ వేబర్. ఆ ఓడ మీద గడిపిన ఏడాది గురించి ఆమె ఒక పుస్తకం కూడా రాసింది. 1910లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం ఆమెకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. నెదర్లాండ్స్‌లో అలాంటి గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమే. 1913లో ఆమె ఒక నాచుకి కాటన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు పెట్టింది. పేరు పెట్టే అధికారం ఒక స్త్రీ చేతికొచ్చినప్పుడు కూడా ఆ పేరు ఒక మగవాడికే పోయింది. ఆమెను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆనాటి శాస్త్రలోకపు మర్యాద అది. ఓడ దిగి పగడపు దిబ్బల మీద నాచు ఏరిచ్చిన స్థానికుల పేర్లు శాస్త్రీయ నామాల్లోకి రావడానికి ఆ మర్యాదలో చోటు లేదు.

ఇప్పుడు వ్యాపారంలో కాటనీ అంటున్నది నిజానికి వేరే జాతి. 1960ల్లో అడవినాచు తరిగిపోయి కంపెనీలకు సరుకు చాలకుండా పోయినప్పుడు, హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మాక్స్‌వెల్ డోటీ ఫిలిప్పీన్స్‌లో సాగు ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1970ల మొదట్లో దక్షిణాన తావి-తావి దీవుల్లో సాగు నిలదొక్కుకుంది. 1985లో డోటీ ఆ జాతికి తన సహచరుడు విసెంటె అల్వరేజ్ పేరు కలిపాడు. అదే నేటి కప్పాఫైకస్ అల్వరేజి. ఆ తొలి రోజుల్లో కంపెనీలు కూలీలను పెట్టి పెద్ద పెద్ద క్షేత్రాలు నడపాలని చూశాయి. అవి నిలవలేదు. కుటుంబాలు నడుపుకునే చిన్న క్షేత్రాలు నిలిచాయి. శాస్త్రవేత్తలు దీన్ని కుటుంబ వ్యవసాయం సాధించిన విజయంగా రాశారు. అందులో నిజముంది. కానీ స్త్రీవాద దృష్టితో చదివితే ఆ విజయం లెక్క ఇంకోలా కనిపిస్తుంది. రోజూ దులపాల్సిన, గీకాల్సిన, ముడులు బిగించాల్సిన పంట ఇది. ఆ ప్రతి గంటకీ కూలి కట్టిస్తే కంపెనీకి గిట్టలేదు. కుటుంబం లెక్కకట్టలేదు కాబట్టి కుటుంబానికి గిట్టింది. కుటుంబం అనే ఆ మాట వెనక ఉన్నది ఎవరి నడుములో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇది అన్నిటికంటే స్పష్టంగా కనిపించే చోటు జాంజిబార్. తూర్పు ఆఫ్రికాలో టాంజానియాకు చెందిన ద్వీపాలు. టాంజానియా వృక్షశాస్త్రజ్ఞుడు కేటో మ్షిగేని హవాయిలో చదివి 1974లో డాక్టరేటు పొందాడు. తమ తీరంలో నాచు సాగు సాధ్యమని దేశానికి చెప్పినవాడు ఆయనే. 1989లో ఉంగుజా దీవి తూర్పు తీరంలో, పాజే, జాంబియాని గ్రామాల్లో వాణిజ్య సాగు మొదలైంది. రెమ్మలు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చాయి. మొదట్లో మగవాళ్ళు కూడా దిగారు. ఆదాయం చాలక మెల్లగా చేపల వేటకీ, తర్వాత పర్యాటకం పనులకీ తరలిపోయారు. ఆడవాళ్ళు ఉండిపోయారు. ఇరవై వేలకు పైబడిన నాచు రైతుల్లో దాదాపు 80 శాతం వాళ్ళే.

అక్కడ నాచుని మ్వానీ అంటారు. అమావాస్యకీ పున్నమికీ సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు ఆడవాళ్ళు లోపలికి నడిచిపోతారు. ఇసుకలో కొయ్యమేకులు దిగ్గొట్టి వాటి మధ్య తాళ్ళు కట్టి రెమ్మలు ముడివేస్తారు. మోకాళ్ళ లోతు నీటిలో వంగి గంటల తరబడి పనిచేసి, పోటు వచ్చేలోపు తడినాచు మూటలు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు చేరతారు. మొదటిసారి తమ చేతికి తమ డబ్బు రావడం ఆ గ్రామాల్లో చాలా మార్చింది. పిల్లల బడి బట్టలు, ఇంటి సామాను, కొందరికి ఇల్లు కూడా దాంతోనే అమిరాయి. ఈ సాగు తెచ్చిన స్వేచ్ఛను తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

అయితే 2000 దశకం మొదలయ్యేసరికి కాటనీ చావడం మొదలైంది. ఒడ్డు దగ్గర తక్కువ లోతులో, ఆటు వేళ ఎండకి నీరు కాగిపోయే చోట మొక్క నిలవలేకపోయింది. పాచి పట్టింది, ఐస్-ఐస్ వచ్చింది. ఉంగుజాలో చాలా గ్రామాలు కాటనీని వదులుకున్నాయి. చేతికి మిగిలింది ధరలేని స్పైనోసం. లోతైన నీటిలో, కాస్త చల్లగా ఉండే చోట తేలే తాళ్ళ మీద కాటనీ బతుకుతుందని శాస్త్రవేత్తలకు తెలుసు. కానీ లోతుకి వెళ్ళాలంటే పడవ కావాలి, ఈత రావాలి. పడవలు మగవాళ్ళవి. ఆ ఊళ్ళ ఆడపిల్లలకు ఈత నేర్పే అలవాటు లేదు. సముద్రం ఒడ్డునే పుట్టి, సముద్రంలోనే పనిచేస్తూ, ఈత రాని ఆడవాళ్ళు! ఒక పోగునాచు, కొంచెం వేడెక్కిన నీళ్ళు వచ్చి ఆ ఊరి పితృస్వామ్యం ఎక్కడ గీత గీసిందో చూపించాయి. నడుముల్లోతు దాటితే ఆ సముద్రం వాళ్ళది కాదు.

దార్-ఎస్-సలాం విశ్వవిద్యాలయపు సముద్రశాస్త్ర సంస్థకి చెందిన ఫ్లవర్ మ్సూయా ఏళ్ళ తరబడి ఈ స్త్రీలతో పనిచేసిన శాస్త్రవేత్త. గొట్టపు వలల్లో రెమ్మలు నింపి లోతు నీటిలో పెంచడం, పడవ నడపడం, ఈత, నాచుని పొడిచేసి సబ్బులు తయారుచేయడం, ఇలా అన్నివైపుల నుంచీ ప్రయత్నాలు జరిగాయి. కిదోతి గ్రామంలో సబ్బులు చేసే ఒక బృందం పేరు తుసిఫే మోయో. స్వాహిలిలో ఆ మాటకి గుండె జారనివ్వొద్దు అని అర్థం.

పాచి చేసే చేటు పంటతో ఆగదు. నీలి ఆకుపచ్చ రంగులో తాళ్ళను పట్టే లింగ్బియా అనే నాచుంది. దాన్ని తాకితే ఒళ్ళు దురదలెక్కి మండుతుంది. జాంజిబార్ స్త్రీలు ఈ బాధ గురించి శాస్త్రవేత్తలకు చెబుతూ వచ్చారు. మ్సూయా కూడా భాగస్వామిగా 2012లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సాగు చేసే స్త్రీల ఆరోగ్యాన్ని పరిశీలించింది. అలసట, ఒళ్ళునొప్పులు, ఆకలి, కళ్ళ జబ్బులు, ఊపిరి సమస్యలు, గవ్వలూ ముళ్ళూ కోసుకున్న గాయాలు, ఒంటి మీద దద్దుర్లు. చాలామంది రోజు సంపాదన అప్పటి అంతర్జాతీయ కడుపేదరికపు గీత, అంటే 1.25 డాలర్ల కంటే తక్కువ. ఈ అభివృద్ధికి కడుతున్న మూల్యం మరీ ఎక్కువేమో అన్న ప్రశ్ననే ఆ వ్యాసానికి పేరుగా పెట్టారు.

ఇంతకీ పాచి ఏది, పంట ఏది? ఈ ప్రశ్నకి చరిత్రలో ఒక విచిత్రమైన జవాబుంది. డోటీ 1970ల్లో ఇదే కప్పాఫైకస్ జాతి నాచుని హవాయిలోని కానెఓహె అఖాతంలో ప్రయోగం కోసం పెంచాడు. అది తాళ్ళు దాటి పోయి పగడాల మీద పరుచుకుంది. మూడు దశాబ్దాల తర్వాత ప్రభుత్వం పెద్ద గొట్టాలతో దాన్ని పీల్చి తీయాల్సి వచ్చింది. 2011 నుంచి సముద్రపు ముళ్ళజీవుల్ని పెంచి దాన్ని తినడానికి వదులుతున్నారు. మనకి దగ్గర్లో కూడా అదే జరిగింది. మన దేశానికి 1980ల్లో వచ్చిన ఈ మొక్క 1990ల్లో తమిళనాడులోని మండపం చేరింది. 2000 దశకంలో పెప్సికో సంస్థ కాంట్రాక్టు సాగుతో మహిళా సంఘాల్లోకి పాకింది. 2008లో మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి పగడాల మీద అది పెరుగుతున్నట్టు శాస్త్రవేత్తలు ప్రకటించారు. జాంజిబార్‌లో ఎవరి కన్నబిడ్డలాంటి పంటో, కానెఓహెలో అదే పాచి. కలుపు అన్నది మొక్క స్వభావంలో లేదు. ఆ చోటు ఎవరిది, అక్కడ ఏం పెరగాలో నిర్ణయించేది ఎవరు అన్నదాంట్లో ఉంది. అక్కరకు రాని మొక్కకీ అక్కరకు రాని మనిషికీ మనం ఒకే మాట వాడతామని సాహిత్యం చదువుకున్న మనకి తెలుసు.

మండపం తీరంలో వెదురు తెప్పల మీద సాగు చేసిన ఆడవాళ్ళు 2013 తర్వాత పంట మూకుమ్మడిగా చచ్చిపోవడం చూశారు. అంతకుముందు ఏడాదే ఉత్పత్తి అత్యధికంగా ఉంది. ఆ పక్కనే తరతరాలుగా దీవుల చుట్టూ మునిగి అడవినాచు ఏరుకునే స్త్రీలున్నారు. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని నీళ్ళలోకి దిగుతారు. 1986లో ఆ దీవులు జాతీయ పార్కు అయ్యాక వాళ్ళు తమ సముద్రంలోనే దొంగల్లా తిరగాల్సి వచ్చింది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన నాచు సాగుని ప్రోత్సహిస్తూ ఆడవాళ్ళను ముందుపెట్టింది. మన ఆంధ్ర తీరంలోనూ సాగు గురించి మాటలు, ప్రయోగాలు నడుస్తున్నాయి. నా చేతికొచ్చిన కరదీపిక ఆ వరసలోదే.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి. నా డాక్టరేటు కలుపు పాటల మీద. మా అమ్మమ్మ గోదావరి జిల్లాలో వరిచేలల్లో కూలికెళ్ళిన మనిషి. ఆమె దగ్గరా, ఆమె ఈడు వాళ్ళ దగ్గరా కూర్చుని టేపురికార్డరు పెట్టి పాటలు సేకరించాను. ఛందస్సు చూశాను, పల్లవి తిరగబడే తీరు చూశాను, అలంకారాలు లెక్కబెట్టాను. ఒకరోజు నాలుగోసారి పాడమంటే అమ్మమ్మ విసుక్కుంది. "ఎన్నిసార్లు పాడిస్తావే? ఆ రోజు మాకెంత కూలిచ్చారో, మగాళ్ళకెంతిచ్చారో అది కూడా రాసుకో" అంది. నవ్వేసి ఊరుకున్నాను. నా సిద్ధాంత గ్రంథంలో నాలుగు వందల పేజీలున్నాయి, కూలి రేటు ఒక్కచోట కూడా లేదు. ఆ కరదీపిక రాసినవాళ్ళు పట్టికలో గీత గీస్తే, నేను ఆ గడి కూడా గీయలేదు. పాట దొరికింది కదా అని శ్రమను వదిలేశాను. శ్రమని పాటగా మాత్రమే వినడం కూడా ఒక రకం పాచిపని మనిషి పేరు మర్చిపోవడమే.

అనువాదంలో ఆ వాక్యాన్ని మార్చాను. "తాళ్ళకు పట్టిన పాచిని మీరు రోజూ చేత్తో తీయాల్సి ఉంటుంది. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. అది కూడా పెట్టుబడే" అని రాశాను. పట్టికలో ఒక గడి అదనంగా గీసి పంపాను. అవతలి నుంచి మర్యాదగానే ఫోనొచ్చింది. "మేడం, మూలంలో లేనిది చేర్చకూడదు కదండీ. అయినా అది చిన్నపనే కదా" అన్నాడు ఆ అబ్బాయి. మూలంలో లేదన్న మాట నిజమే. అనువాదకురాలిగా నేను హద్దు దాటాను. వాళ్ళు అదనపు వాక్యాలు రెండూ తీసేశారు, పట్టికలో గడి కూడా తీసేశారు. "మీరు" మాత్రం ఎందుకో ఉండిపోయింది. అచ్చయిన పుస్తకంలో ఆ వాక్యానికి ఇప్పుడు కర్త ఉంది.

తీసేసిన గడిని ఇక్కడ రాస్తున్నాను. పాచి తీత: ఎన్ని గంటలు, ఎవరు, ఎంత. మన తీరంలో ఈ పంట నిలుస్తుందో లేదో సముద్రం చెబుతుంది. ఆ గడి నింపే పని మనది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆమె కూలి ఎంతో అడిగి రాసుకోవడానికి ఆమె ఈడు వాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఇద్దరున్నారు. వచ్చే నెల వెళ్తున్నాను. ఈసారి పాటలు అడగను.